మా పిల్లకు పాఠం చెప్పేది ఎవరు?

తెలంగాణ విద్యా కమిషన్‌కు బహిరంగ లేఖ



పోయిన వానాకాలంలో గద్వాల జిల్లా గట్టు మండలంలోని మా చెల్లెలింటికి వెళ్లాను. చీకటి పడ్డాక దాని బిడ్డ, ఏడో తరగతి పిల్ల, ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి పెట్టుకుని లెక్కల క్లాసు వింటోంది. తెర మీద సారు చక్కగా చెబుతున్నాడు. గొంతు స్పష్టంగా ఉంది, గీతలు ముద్దుగా గీస్తున్నాడు. మాట తీరును బట్టి కృష్ణా జిల్లా వైపు మనిషి అనిపించింది. పాఠం అయిపోయాక ఒక లెక్క ఇచ్చాడు. ఒక రైతుకు 5 ఎకరాల 20 సెంట్ల భూమి ఉంది, నలుగురు కొడుకులకు సమానంగా పంచితే ఒక్కొక్కరికి ఎంత వస్తుంది? పిల్ల నోటుబుక్కులో చకచకా వేసింది. 220ని 4తో భాగించింది, 55 వచ్చింది. ఒక ఎకరం, పదిహేను. ఫోన్‌లో ఆ అంకెలు కొట్టగానే ఎర్ర గుర్తు పడింది. మళ్లీ వేసింది. మళ్లీ ఎరుపే. మూడోసారి వేళ్లు మడిచి లెక్కపెట్టుకుని చూసుకుని, నా వైపు తిరిగి, "పెద్దమ్మా, సెంట్లన్నా గుంటలన్నా ఒకటే గదా?" అంది.

ఒకటి కాదు. మన దగ్గర ఎకరానికి 40 గుంటలు. ఆంధ్రలో ఎకరానికి 100 సెంట్లు. పిల్ల ఇంట్లో ఉన్న పట్టా పాస్‌బుక్కులో ఎకరాలు, గుంటలే ఉంటాయి. సెంటు అనే మాట అది పుట్టాక విన్నది లేదు. వినని మాట ఎదురైతే తెలిసిన మాటతో సరిపెట్టుకుంది. 5 ఎకరాల 20 గుంటలంటే 220 గుంటలు. నాలుగు పాళ్లు చేస్తే పాలుకు 55 గుంటలు, అంటే ఎకరా పదిహేను గుంటలు. భాగహారంలో తప్పు లేదు. అయినా ఆ రాత్రి ఆ పిల్ల తనకు లెక్కలు రావని అనుకుంటూ పడుకుంది.

ఆ సారును తప్పుపట్టడానికి ఈ ఉత్తరం రాయడం లేదు. తన ముందున్న వేల మందిలో గట్టు పిల్ల ఒకతి కూర్చుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు. ఆయన పేరు, ఊరు, చదువు మా చెల్లెలికి కూడా ఎవరూ చెప్పలేదు. రెండు దిక్కులా తెలియకుండా ఒక చదువు నడుస్తోంది. దానికి నియమం పెట్టాల్సిన చోట ఖాళీ ఉంది. ఆ ఖాళీ గురించి మీకు రాస్తున్నాను.

నాది వనపర్తి. బీఎస్సీ లెక్కలు, బీఎడ్ చదివాను. 2017లో ఉపాధ్యాయ అర్హత పరీక్ష టెట్ పాసయ్యాను. ఒక ప్రైవేటు బడిలో చాలా ఏళ్లు చెప్పాను. కరోనా తర్వాత నుంచి ఫోన్‌లో లెక్కలు చెప్పి బతుకుతున్నాను. నా దగ్గర గద్వాల పిల్లలున్నారు, కర్నూలు పిల్లలున్నారు, రాయచూరులో తెలుగు మాట్లాడే ఇళ్ల పిల్లలున్నారు, పుణెలో కూలికి పోయిన అచ్చంపేట వాళ్ల పిల్లవాడు ఒకడున్నాడు. నేను అడగబోయే నియమం ముందుగా నా మీదే పడుతుంది. పడాలనే అడుగుతున్నాను.

బడి గేటు దాటడానికి ఏం కావాలో మీకు నేను చెప్పనక్కర్లేదు, కానీ పక్కపక్కన పెట్టి చూస్తేనే తేడా తెలుస్తుంది. మా జిల్లాలో సర్కారు బడిలో చిన్న తరగతుల పంతులు (ఎస్‌జీటీ) కావాలంటే డీఎడ్ ఉండాలి, టెట్ పాసవ్వాలి, నియామక పరీక్ష డీఎస్సీలో మార్కులు రావాలి. ఒకటి నుంచి ఏడో తరగతి వరకు ఎక్కడ చదివాడో చూసి స్థానికుడో కాదో తేలుస్తారు. 2018 రాష్ట్రపతి ఉత్తర్వుల ప్రకారం 95 శాతం పోస్టులు స్థానికులకే. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్, మహబూబ్‌నగర్, నారాయణపేట కలిసి జోగులాంబ జోన్. పంతుళ్ల కొలువులు జిల్లా కేడర్. అంటే వనపర్తి పిల్ల కృష్ణ దాటి గద్వాలలో పంతులమ్మ కావాలన్నా నాన్‌లోకల్ అవుతుంది. టెట్‌కు 2017 తర్వాత మళ్లీ 2022 దాకా నోటిఫికేషనే రాలేదు, ఆ ఐదేళ్లు బీఎడ్ పట్టాలు పట్టుకుని ఎదురుచూసినవాళ్లు నాకు తెలుసు. 2024లో 11,062 పోస్టులకు డీఎస్సీ వస్తే వనపర్తిలో చదువుకునేవాళ్ల గదుల్లో రాత్రంతా దీపాలు ఆరలేదు.

దీనికి తోడు 2025 సెప్టెంబర్ 1న సుప్రీంకోర్టు తీర్పు వచ్చింది. ఐదేళ్లకు మించి సర్వీసు మిగిలిన పంతుళ్లు, టెట్ లేని కాలంలో ఉద్యోగంలో చేరినవాళ్లయినా సరే, రెండేళ్లలో టెట్ పాసవ్వాలి. ఇరవై ఏళ్లు పాఠాలు చెప్పిన సార్లు ఈ వయసులో శిశు వికాసం పుస్తకం ముందేసుకుని కూర్చుంటున్నారు. ఆ తీర్పు మంచిచెడ్డలు ఇక్కడ తేల్చబోను. నా ప్రశ్న వేరు. అదే సారు పాఠం చెప్పే అదే తరగతి పిల్ల, సాయంత్రం ఇంటికొచ్చి ఫోన్ తెరిస్తే, అందులో కనబడే మనిషికి టెట్ ఉందా అని అడిగే దిక్కు ఎవరు? బీఎడ్ ఉందా? అసలు డిగ్రీ అయిందా? పేరు నిజమేనా?

ఎవరూ లేరు. ఉన్న నియమాలు ఒక్కొక్కటీ తీసి చూశాను. మన విద్యా చట్టం ఉమ్మడి రాష్ట్రంలో 1982లో చేసింది. ట్యుటోరియల్ సంస్థలు రిజిస్టర్ చేసుకోవాలని అందులో ఉంది, అప్పటికి ట్యుటోరియల్ అంటే నాలుగు గోడలు, ఒక నల్లబల్ల. 2024 జనవరిలో కేంద్రం కోచింగ్ సెంటర్లకు మార్గదర్శకాలు ఇచ్చింది. చెప్పేవాళ్లకు కనీసం డిగ్రీ ఉండాలంది, 16 ఏళ్లలోపు పిల్లలను చేర్చుకోవద్దంది, క్లాసులో ఒక్కో విద్యార్థికి కనీసం ఒక చదరపు మీటరు చోటు ఉండాలంది. మంచి మాటలే. కానీ ఆ చూపంతా భవనం మీద ఉంది. మా చెల్లెలి కూతురు కూర్చున్న చోటును చదరపు మీటర్లలో కొలిచేది ఎవరు? కరోనా కాలంలో, 2020 జూలైలో, 'ప్రజ్ఞాత' పేరుతో ఆన్‌లైన్ చదువుకు మార్గదర్శకాలు వచ్చాయి. ఒకటి నుంచి ఎనిమిదో తరగతి వరకు రోజుకు రెండు క్లాసులు మించొద్దు, ఒక్కోటి 30 నుంచి 45 నిమిషాలే ఉండాలి అన్నారు. ఎంతసేపు చూడాలో చెప్పారు. ఎవరిని చూస్తున్నారో తెలుసుకునే దారి పెట్టలేదు.

విద్యాహక్కు చట్టంలో 28వ సెక్షన్ ఉంది. బడి పంతులు ప్రైవేటుగా ట్యూషన్ చెప్పకూడదని. అది ఉండాల్సిందే. అయితే ఆన్‌లైన్ చదువు దగ్గరకొచ్చేసరికి దాని ఫలితం ఇలా తేలింది. పిల్లల గురించి తెలిసిన, టెట్ పాసైన, జిల్లా ఎరిగిన మనిషి ఫోన్‌లో డబ్బు తీసుకుని పాఠం చెప్పకూడదు. ఇవేవీ లేనివాడు ఎంతమందికైనా చెప్పుకోవచ్చు.

ఇది ఊహించి రాస్తున్నది కాదు. నేనా పనిలో ఉన్నాను. 2021లో ఒక సంస్థలో చేరాను. దాని పేరు ఇక్కడ అవసరం లేదు, అలాంటివి చాలా ఉన్నాయి. వాళ్లు నన్ను అడిగినవి మూడు. నెట్ స్పీడ్ ఎంత? వెనకాల గోడ తెల్లగా ఉందా? పది నిమిషాల డెమో వీడియో పంపగలరా? బీఎడ్ సర్టిఫికెట్ స్కాన్ చేసి పంపితే దాన్ని చూసినట్టే లేదు. తెర మీద నా పేరు కింద 'మ్యాథ్స్ ఎక్స్‌పర్ట్' అని వేశారు. నాతోపాటు అదే బిరుదుతో ఒక అబ్బాయి చెప్పేవాడు. అతను అప్పటికి డిగ్రీ రెండో ఏడాదిలో ఉన్నాడు. నిజం చెప్పాలంటే బాగానే చెప్పేవాడు, పిల్లలకు అతనంటే ఇష్టం కూడా. చదువుకుంటూ పాఠం చెప్పడం తప్పేమీ కాదు, వనపర్తిలో ఎంతమంది అలా ఫీజులు కట్టుకుని పైకొచ్చారో లెక్కలేదు. అతను ఎవరో పిల్లల తల్లులకు తెలియకుండా అతనికి పంతులు వేషం వేయడం తప్పు.

రెండేళ్లకు ఆ సంస్థ మూతపడింది. వారం తర్వాత అయిజ నుంచి ఒక తల్లి ఫోన్ చేసింది. నా నంబరు ఎలా దొరకబట్టిందో నాకు తెలియదు. "మేడం, ఫోన్‌ల మీరు కనవడ్తలేరు, కిస్తు మాత్రం బ్యాంకుల నుంచి కట్ అయితనే ఉంది" అంది. ఏడాది ఫీజును సంస్థవాళ్లు అప్పుగా ఇప్పించారు, ఆమె ఫోన్‌కు వచ్చిన అంకెలు చదివి చెప్పమన్నారు, కొడుకు చదివి చెప్పాడు, అప్పు ఆమె పేర పడిపోయింది. "మీ ఆఫీసు యాడుంది మేడం, నేనొచ్చి అడుగుత" అంది. నా దగ్గర జవాబు లేదు. రెండేళ్లు పనిచేసిన నాకే ఆ ఆఫీసు ఎక్కడుందో తెలియదు. నాకు ఒక ఈమెయిలు, ఒక వాట్సాప్ గ్రూపు తెలుసు, రెండూ ఆగిపోయాయి. "మీరు అసలు మేడమేనా?" అని అడిగిందామె. కోపంగా కాదు, నిజంగానే తెలుసుకుందామని. ఆ మాట నన్ను ఇప్పటికీ వదలడం లేదు. నేను మేడమునే అని చూపించడానికి నా దగ్గర ఆమె నమ్మగలిగే కాగితం ఒక్కటి కూడా లేకపోయింది.

చట్టం ఆమెకు ఒక దారి ఇచ్చింది. 2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం కంపెనీ ఎక్కడున్నా, తాను నివసించే జిల్లాలోనే ఫిర్యాదు చేసుకోవచ్చు. అంటే కొనుక్కున్న మనిషి ఉండే చోటుకే న్యాయం నడిచి రావాలని ఆ చట్టం ఒప్పుకుంది. చదువు విషయంలో నేను అడిగేది కూడా ఆ సూత్రమే. పాఠం పుట్టే చోటును పక్కన పెట్టి, పిల్ల కూర్చున్న చోటు నుంచి నియమం మొదలవ్వాలి.

ఇక్కడ ఒక భయం నాకే ఉంది, దాన్ని దాచను. నియమం అనగానే మన దగ్గర గోడ కట్టడం అలవాటు. ఆన్‌లైన్‌లో చెప్పేవాళ్లు కూడా 95 శాతం స్థానికులే ఉండాలనో, వేరే రాష్ట్రం టెట్ చెల్లదనో, కొత్తగా ఇంకో పరీక్ష రాయాలనో ఎవరైనా అంటే ఈ ఉత్తరం రాసినందుకు నేనే బాధపడతాను. టెట్‌ను ఇప్పటికే ఏ రాష్ట్రానికి ఆ రాష్ట్రం పెట్టుకుంటోంది. పక్క రాష్ట్రపు టెట్‌ను గుర్తించాలా వద్దా అన్నది జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) రాష్ట్రాల ఇష్టానికే వదిలింది. ఈ గీతలు ఫోన్‌లోకి రాకూడదు.

ఎందుకంటే మా నేల గీతలకు ఎప్పుడూ లొంగలేదు. గద్వాల, అలంపూర్ తాలూకాలు 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రంలో రాయచూరు జిల్లాలో ఉండేవి. రాష్ట్రాల పునర్విభజనలో రాయచూరు మైసూరుకు పోయింది, ఈ రెండు తాలూకాలు మహబూబ్‌నగర్‌లో కలిశాయి. ఒక కలం గీతతో తాతలు ఒక రాష్ట్రంలో, మేనమామలు ఇంకో రాష్ట్రంలో మిగిలారు. 2014లో తుంగభద్ర మీద ఇంకో గీత పడింది. ఇవాళ్టికీ ఉండవెల్లి, అలంపూర్ పిల్లలు ట్యూషన్‌కు కర్నూలు పోతారు, అదే వాళ్లకు దగ్గర. ఈ ప్రాంతానికి నడిగడ్డ అన్న పేరే కృష్ణా తుంగభద్రల నడుమ ఉన్నందుకు వచ్చింది. రెండు నదుల మధ్య బతికినవాళ్లకు దాటడం కొత్త కాదు.

ఇంకా వెనక్కి పోతే గద్వాలకు 'విద్వద్గద్వాల' అని పేరు. వనపర్తి, ఆత్మకూరు, గద్వాల సంస్థానాలకు ఎక్కడెక్కడి నుంచో పండితులు వచ్చేవారు. గోదావరి జిల్లా నుంచి తిరుపతి వేంకట కవులు ఈ సంస్థానాలకు వచ్చి అవధానాలు చేసి మెప్పించారు. వాళ్లు ఏ ఊరివాళ్లని గద్వాల తలుపు మూయలేదు. అయితే సభలో నిలబడి, పేరు చెప్పుకుని, అందరి ఎదుట తమ విద్య చూపించాకే సత్కారం అందుకున్నారు. పేరూ ఊరూ చెప్పని మనిషికి ఆ సభలో చోటు ఉండేది కాదు. మా ఇళ్లలోకి ఫోన్ ద్వారా వచ్చే సారును కూడా మేము అడిగేది ఆ పేరూ ఊరే.

అదీగాక, గీత దాటితేనే నాలాంటివాళ్లకు అన్నం. అచ్చంపేట కుటుంబం పుణెలో కట్టడం పనిలో ఉంది. పిల్లవాడు అక్కడ మరాఠీ బడిలో చదువుతున్నాడు. ఏటా పండక్కి ఊరొచ్చినప్పుడు తాత లెక్క అడిగితే మరాఠీలో చెబుతున్నాడని తల్లి ఏడ్చింది. వారానికి మూడు రోజులు నేను వాడికి తెలుగులో లెక్కలు చెబుతాను. పాలమూరు నుంచి వలస పోయినవాళ్లకు పాలమూరు మాటలో చదువు అందించగలిగింది ఈ ఫోనే. రేపు మహారాష్ట్ర తన లైసెన్సు లేనివాళ్లు చెప్పొద్దంటే ఆ పిల్లవాడికి ఎవరున్నారు? అమెరికాలో 2007 నుంచి సిలికానాంధ్ర మనబడి పిల్లలకు తెలుగు నేర్పుతోంది, చెప్పేవాళ్లు చాలామంది స్వచ్ఛందంగా ముందుకొచ్చిన తల్లులూ తండ్రులే. వాళ్లను బీఎడ్ చూపించమని అడగకూడదు. ఫీజు తీసుకుని, బడి పాఠ్యాన్ని, పద్దెనిమిదేళ్లలోపు పిల్లలకు చెప్పే వాళ్లూ సంస్థలే ఈ నియమం కిందికి రావాలి.

డాక్టర్ల విషయంలో దేశం ఈ చిక్కుముడిని ఎంత తొందరగా విప్పిందో చూడండి. లాక్‌డౌన్ మొదలైన రోజే, 2020 మార్చి 25న, టెలిమెడిసిన్ మార్గదర్శకాలు వచ్చాయి. ఏ రాష్ట్రంలో రిజిస్టరైన డాక్టరైనా దేశంలో ఎక్కడి రోగినైనా ఫోన్‌లో చూడవచ్చు. కానీ తన రిజిస్ట్రేషన్ నంబరు చీటీ మీద, వెబ్‌సైట్‌లో, రసీదులో కనబడేలా పెట్టాలి. తాను ఎవరో రోగికి చెప్పాలి, రోగి ఎవరో తెలుసుకోవాలి. ఫోన్‌లో ఏ మందులు రాయకూడదో కూడా అందులోనే ఉంది. హద్దులు తీసేశారు, పేరు మాత్రం దాచనివ్వలేదు. కాకపోతే డాక్టరుకు మెడికల్ కౌన్సిల్ ఉంది, లాయరుకు బార్ కౌన్సిల్ ఉంది. పంతులుకు ఏముంది? టెట్ అర్హత పరీక్ష మాత్రమే, రిజిస్ట్రేషన్ కాదు. పాసైతే ఒక సర్టిఫికెట్ ఇస్తారు, 2021 నుంచి అది జీవితాంతం చెల్లుతుంది, బీరువాలో ఉంటుంది. ఆ మనిషి బడి బయట ఎక్కడ ఎవరికి చెబుతున్నాడో చూపే పట్టిక నాకు తెలిసినంతలో లేదు.

ఈ పట్టిక లేకపోవడం ఎంత దెబ్బ తీస్తుందో మేము 2021 ఏప్రిల్‌లో చూశాం. బడులు మూతపడి ప్రైవేటు పంతుళ్లు కూరగాయలు అమ్ముకుంటుంటే, ఉపాధి పనికి పోతుంటే, రాష్ట్ర ప్రభుత్వం నెలకు 2,000 రూపాయలు, 25 కిలోల బియ్యం ఇచ్చింది. గుర్తింపు ఉన్న బడిలో పనిచేసినందుకు నా పేరు జాబితాలో ఉంది. నాతో బీఎడ్ చదివిన స్నేహితురాలు అప్పటికే బడి మానేసి ఇంటి నుంచి ఫోన్‌లో చెబుతోంది. ఆమె పేరు ఏ జాబితాలోనూ లేదు. ఆ నెల నా బియ్యంలో సగం ఆమె ఇంటికి మోసుకుపోయాను. పట్టిక తల్లిదండ్రులకే కాదు, చెప్పేవాళ్లకు కూడా కావాలని నాకు ఆ సంచి మోస్తున్నప్పుడు తెలిసింది.

బయటి దేశాల అనుభవాలు రెండు చెబుతాను. అమెరికాలో పంతులు లైసెన్సు ఏ రాష్ట్రానికా రాష్ట్రం ఇస్తుంది, రాష్ట్రం మారితే మళ్లీ అక్కడి లైసెన్సు తీసుకోవాలి. ఈ బాధ పోవాలని కొన్ని రాష్ట్రాలు ఒకరి లైసెన్సును ఒకరు గుర్తించే ఒప్పందం రాసుకున్నాయి, పది రాష్ట్రాలు చేరడంతో 2023లో అది నిలబడింది. మన తెలంగాణ, ఆంధ్ర, కర్ణాటక కూర్చుని ఇలాంటి కాగితం ఒకటి రాసుకోలేవా? విద్య 1976 సవరణతో ఉమ్మడి జాబితాలోకి వచ్చింది, రాష్ట్రానికి అడ్డమేమీ లేదు. రెండోది చైనా. 2019 జూలైలో అక్కడ ఆన్‌లైన్ ట్యూషన్ సంస్థలు తమ పంతుళ్ల పేర్లు, ఫోటోలు, అర్హత పత్రాలు అందరికీ కనబడేలా పెట్టాలన్నారు. అది నాకు నచ్చిన నియమం. రెండేళ్లకే, 2021 జూలైలో, బడి సబ్జెక్టుల్లో లాభాపేక్ష ట్యూషన్లనే రద్దు చేశారు, ఎంతోమంది పంతుళ్ల పొయ్యిలు ఆరాయి. మొదటి అడుగు తీసుకుని రెండోది వదిలేయాలి.

నేను కోరే పట్టిక ఎలా ఉండాలో చెబుతాను. ఫీజు తీసుకుని రాష్ట్రంలోని బడి పిల్లలకు ఆన్‌లైన్‌లో చెప్పే ప్రతి మనిషి ఒక్కసారి అందులో పేరు రాయించుకోవాలి. ఊరు, చదువు, టెట్ ఉంటే ఏ రాష్ట్రం టెట్, పోలీసు విచారణ అయిందా లేదా. టెట్ లేనివాళ్లను తరిమేయొద్దు. డిగ్రీ చదువుతున్న పిల్లవాడు డిగ్రీ చదువుతున్నవాడిగానే కనబడితే చాలు. రుసుము పెట్టొద్దు, పెడితే అది సంస్థ కట్టాలి. పేరు లేనివాళ్లతో పాఠం చెప్పించి ఫీజు వసూలు చేసే సంస్థను ఆపాలి. ప్రతి క్లాసు మొదట్లో ఆ నంబరు తెర మీద కనబడాలి.

ఆ నంబరు చదవడానికే చాలా ఇళ్లలో ఇబ్బంది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఇప్పటి గద్వాల జిల్లాలో అక్షరం వచ్చినవాళ్లు సగం మందే. అందుకని పట్టికను వెబ్‌సైట్‌లో పెట్టి చేతులు దులుపుకోవద్దు. తల్లి ఒక నంబరుకు ఫోన్ చేసి, పిల్ల చదివి చెప్పిన అంకెలు నొక్కితే, "ఈమె పేరు ఫలానా, వనపర్తి, లెక్కల బీఎడ్, 2017 టెట్" అని తెలుగులో వినబడాలి. గట్టు వైపు కన్నడ మాట్లాడే ఇళ్లున్నాయి, కన్నడలో కూడా వినబడాలి. గ్యాస్ బుకింగ్‌కు ఇలాంటి ఫోన్ ఉంది. చదువుకు ఎందుకు ఉండకూడదు?

ఇంకొకటి. 2020 జాతీయ విద్యా విధానం పంతుళ్ల నియామకంలో స్థానిక భాషలో పాఠం చెప్పగలరా అని చూడాలని చెప్పింది. దాన్ని ఆన్‌లైన్‌కూ పట్టించండి, కానీ పరీక్షగా కాదు. ఏ జిల్లా పిల్లలకు చెబుతున్నారో ఆ జిల్లా గురించి ఒక పూట పరిచయం చాలు. మహబూబ్‌నగర్‌లోని ఉపాధ్యాయ శిక్షణ సంస్థ డైట్‌లో మా పంతుళ్లే తయారు చేయగలరు. ఎకరానికి 40 గుంటలని, సొరకాయను ఏ ఊళ్లో ఏమంటారని, ఏ నెలలో బడికి పిల్లలు ఎందుకు తగ్గుతారని. కృష్ణా జిల్లా సారుకు ఆ ఒక్క పూట దొరికి ఉంటే మా పిల్లకు ఎర్ర గుర్తు పడేది కాదు.

మొదలు సర్కారు నుంచే కావచ్చు. 2025 జూన్‌లో విద్యాశాఖ ఖాన్ అకాడమీ, ఫిజిక్స్‌వాలా వంటి సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. మన బడుల్లో, కాలేజీల్లో బయటివాళ్ల పాఠాలు తెర మీదికి వస్తున్నాయి. రానివ్వండి, మంచి పాఠం ఎక్కడిదైనా మంచిదే. ఆ తెర మీది మనుషుల పేర్లతోనే పట్టికను మొదలుపెట్టండి. ప్రైవేటు సంస్థలను అడిగే హక్కు అప్పుడు గట్టిగా వస్తుంది. 2020 సెప్టెంబర్ 1న టీ-శాట్, దూరదర్శన్ యాదగిరి చానళ్లలో డిజిటల్ పాఠాలు మొదలైనప్పుడు చెప్పింది మన సర్కారు పంతుళ్లే. ఒక నాగర్‌కర్నూల్ లెక్కల సారు బడి వేళల్లోనే, శాఖ తరఫున, లెక్కల పంతులు లేని నాలుగు బడులకు ఒకేసారి చెప్పే ఏర్పాటు చేయండి. 28వ సెక్షన్‌కు దెబ్బ తగలదు. ఆ పిల్లలకు తెలిసిన మనిషి దొరుకుతాడు.

నల్లమల అడవి లోపలి చెంచు పెంటల (గూడేల) గురించి ఒక్క మాట. అక్కడ చాలా చోట్ల ఫోనే మోగదు. అందుకే ఆన్‌లైన్ ఉంది కదా అని అక్కడ పంతులు పోస్టు ఎత్తేసే ఆలోచన ఎప్పుడూ ఎవరికీ రానివ్వకండి.

చివరగా మా చెల్లెలి కూతురి సంగతి. తర్వాత ఆ పిల్ల నెల రోజులు క్లాసు వినలేదని తెలిసింది. యాప్‌లో ఆ సారుకు ఒక ఖాళీ గడి కనబడి ఉంటుంది, అంతే. అది సీడ్ పత్తి క్రాసింగ్ కాలం. సాయంత్రం మొగ్గలు వలిచి, పొద్దున మగపూల పుప్పొడి అద్దాలి. చిన్న వేళ్లకు ఆ పని బాగా వస్తుందని పిల్లలను చేనికి తీసుకుపోతారు. చట్టం వద్దంటుంది, ఊళ్లో అందరికీ తెలుసు. బడి సారుకూ తెలుసు, ఆయన ఇంటికొచ్చి మా చెల్లెలితో గొడవ పడి పిల్లను బడికి తీసుకుపోయాడు. ఫోన్ సారుకు ఆ గొడవ పడే అవకాశమే లేదు. కనీసం హాజరు పడిపోయిన పిల్ల పేరు బడికి చేరేటట్టు ఆ పట్టికలో ఒక దారి పెట్టండి.

మీరు అక్టోబర్‌లో గద్వాల వస్తే ఊళ్లోకి పొద్దు గుంకినాక రండి. ఆ నెలలో అప్పటిదాకా పిల్లలు చేలోనే ఉంటారు.

ఇట్లు,
వనపర్తి నుంచి ఒక లెక్కల ఉపాధ్యాయురాలు